తలుపు వెనక చార్టు

జూన్ 3

ముద్దుల మరదలికి,

క్షేమంగా చేరాం. దారి పొడుగునా మీ అన్నయ్య నన్ను గాజుసామాను పెట్టెలా పట్టుకుని తీసుకొచ్చారు. బస్సు దిగేటప్పుడు "మెట్టు, మెట్టు!" అని ఎంత గట్టిగా అరిచారంటే, వెనకాలవాళ్ళు కూడా భయపడి కాళ్ళు చూసుకుంటూ దిగారు.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరాలేమిటని నువ్వు నవ్వుతావని తెలుసు. ఫోన్ వెలుగు చూస్తే నాకు తల దిమ్మెక్కుతోంది. అందుకని అది మీ అన్నయ్య జేబులోకి వెళ్ళిపోయింది, ఇక బయటికి రాదు. పైగా ఇక్కడ నా చూపు పరీక్షించే ఆవిడ రోజూ కాసేపు చేత్తో ఏదైనా రాస్తూ ఉండమంది. నాకు నీ బుర్ర తినడం తప్ప వేరే విద్య రాదు కాబట్టి నీకే రాస్తున్నాను. నువ్వూ చేత్తోనే రాయి. కోడిగీతలైనా సరే, చదువుకుంటాను.

ఇక్కడ ఆస్పత్రి, వైద్య కళాశాల, పరిశోధనశాల మూడూ ఒకే ఆవరణలో ఉన్నాయి. మా గది మూడో అంతస్తులో. ఎదురు భవనమే పరిశోధనశాల. నా మంచం మీంచి చూస్తే ఒక కిటికీలో తెల్లకోటు అమ్మాయి మైక్రోస్కోపు మీద వంగి కనిపిస్తుంది. మధ్యమధ్య తల ఎత్తి తనలో తనే మాట్లాడుకుంటుంది, పగలబడి నవ్వుతుంది. పాపం, పరిశోధన చేసి చేసి కాస్త తిరిగినట్టుంది.

నిన్న పెద్ద డాక్టరు నా తల ఫొటోలు చూపించాడు. కుడి చెవి వెనక, లోపల, నిమ్మకాయంత గడ్డ. నా బుర్రలో ఏమీ లేదని మీ అమ్మ అంటూ ఉండేది కదా, ఉందమ్మా, ఫొటోతో సహా రుజువైంది. చూపంటే కళ్ళతో అయిపోదట. కళ్ళు చూసినదాన్ని వెనక్కి మోసుకుపోయే నరాల దారి ఒకటి ఉంటుందట, అది సరిగ్గా ఆ గడ్డను రాసుకుంటూ పోతోంది. కుడివైపు దారి ఎడమవైపు చూపుని మోస్తుంది. నాకు ఎడమవైపు పైమూల ఇప్పటికే పోయింది. కిందిమూల ఇంకా కొంత మిగిలింది. అది కూడా పోతే మెట్లు దిగడం, చదవడం, మన కొట్టు నడపడం అన్నీ కష్టమేనట. గడ్డ తీసేయాలి, ఆ మూల మిగలాలి. ఆయన పని అదీ.

ఆయనకి నేను నిదానం డాక్టరు అని పేరు పెట్టాను. ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య మనం టీ తాగి రావచ్చు. నా ఒక్కదాని గడ్డ గురించి బల్ల చుట్టూ పదిమంది డాక్టర్లు కూర్చుని మాట్లాడుకున్నారట. మన ఇంట్లో పెళ్ళి సంబంధానికి కూడా ఇంతమంది కూర్చోలేదు.

తలుచుకుంటే సిగ్గేస్తోంది. కళ్ళజోళ్ళ కొట్టు పెట్టుకుని, ఎడమ పక్కనుంచి మనుషులు ఊడిపడుతుంటే పవర్ మారిందనుకుని నాలుగు జోళ్ళు మార్చాను. నువ్వేమో "ఫ్రేము వంకర, వదినా" అని మరలు బిగించావు. ఇద్దరం కలిసి ముక్కు మీద వెతికాం, జబ్బేమో చెవి వెనక కూర్చుంది.

కొట్టు జాగ్రత్త. లైసెన్సు కోసం చూపు పరీక్షకి వచ్చేవాళ్ళకి గోడ మీద చార్టు ఒక్కటే చూపించి పంపెయ్యకు. బయట బెంచీ మీద కూర్చుని అక్షరాలు బట్టీపట్టేస్తారు. చివర్లో తలుపు మూసి, తలుపు వెనక చార్టు చూపించు. మరచిపోయావో, వచ్చి చెవి మెలేస్తాను.

నీ బుర్ర తినే,
వదిన


జూన్ 9

వదినకు,

నీ ఉత్తరం చూడగానే ఏడుపొచ్చింది, రెండో పేజీకి వచ్చేసరికి నవ్వొచ్చింది. కొట్టుకొచ్చిన పెద్దావిడ నా మొహం చూసి "కళ్ళ జబ్బేమో, ముందు నువ్వు చూపించుకోవే" అంది.

నాకు భయంగా ఉంది వదినా. పైకి చెప్పకూడదని పళ్ళు బిగబట్టుకున్నాను కానీ, నీ దగ్గర దాపరికమేమిటి. పొద్దున షట్టర్ ఎత్తగానే నీ కుర్చీ ఖాళీగా కనిపిస్తుంది. దాని మీద అద్దాల పెట్టె పెట్టేశాను, ఖాళీగా ఉండకూడదని. ఇప్పుడు అద్దాల పెట్టె పెట్టే చోటు ఖాళీగా ఉంది.

కొట్టు బాగానే ఉంది. నువ్వు నేర్పినట్టే పరీక్ష చేస్తున్నాను. అనుమానం వచ్చినవాళ్ళని డాక్టరు దగ్గరికి పంపిస్తున్నాను. నిన్న ఒకాయన చత్వారం జోడు పెట్టుకుని భార్యని చూసి "ఇన్నాళ్ళూ నువ్వు బాగున్నావనుకున్నాను" అన్నాడు. ఆవిడ జోడు లాక్కుని వెళ్ళిపోయింది. ఆయన దానికోసం మళ్ళీ వచ్చాడు, పాపం.

ఇంకో మాట. కాగితానికి ఎడమ పక్క నాలుగు వేళ్ళ మేర ఖాళీ వదిలేశావేమిటి? ప్రతి పేజీ అంతే. నా జవాబు అందులో రాసి పంపమనా? నువ్వు ఎప్పుడూ అంచు కొసనుంచి, కాగితం చాలదన్నట్టు రాసేదానివి కదా.

ఆ కిటికీలో పిచ్చిపిల్ల చేతికి మాత్రం నీ గడ్డ ఇవ్వనీయకు. అన్నయ్యకి చెప్పు. ఆపరేషన్ ఎప్పుడో, ఎలాగో వివరంగా రాయి. తెలియకపోతే నేను ఇంకా ఘోరంగా ఊహించుకుంటున్నాను.

నీ కుర్చీకి కాపలా,
మరదలు


జూన్ 14

మరదలికి,

ఏ ఖాళీ? నేను అంచునుంచే రాస్తున్నాను. నీ కళ్ళకే ఏదో అయింది, తలుపు వెనక చార్టు ముందు నువ్వే నిలబడు.

ఇప్పుడు ఒక సంగతి చెప్తాను, కంగారుపడకు. నేను మెలకువగా ఉండగానే ఆపరేషన్ చేస్తారట. ఉండు, ఉత్తరం కింద పడేయకు, పూర్తిగా చదువు. ముందు మత్తిచ్చి తల తెరుస్తారు. తర్వాత లేపుతారు. మెదడుకి నొప్పి తెలియదట, తోలుకి మాత్రం తిమ్మిరి సూదులిస్తారు. అప్పుడు నా ముందు ఒక తెర పెడతారు. తెర మధ్యలో చిన్న కూడిక గుర్తు. నా చూపు దాన్ని వదలకూడదు. రెండు బొమ్మలు పడతాయి, కుడి పక్క పైన ఒకటి, ఎడమ పక్క కింద ఒకటి. రెండిటి పేర్లూ చెప్పాలి.

అదే సమయంలో నిదానం డాక్టరు లోపల ఒక్కో చోట సన్నని కరెంటు తగిలిస్తాడు. ఒక చోట తగిలించగానే ఎడమ బొమ్మ మాయమైందనుకో, అదే చూపు దారి, అక్కడ కోయకూడదు. మాయం కాకపోతే కోయొచ్చు. నేను నోటితో దారి చెప్తుంటే ఆయన చేత్తో నడుస్తాడన్నమాట. విన్నప్పుడు నాకూ భయమేసింది. తర్వాత ఆలోచిస్తే నచ్చింది. నా తలలో జరిగేదానికి నేను లేకపోవడమేమిటి?

కానీ ఒక చిక్కుంది. బొమ్మలు చూపించే ఆవిడని నేను బొమ్మలమ్మ అంటున్నాను. చిన్న మనిషి, గొంతు మాత్రం బడి గంట. ఆవిడ ముందే రోజూ సాధన చేయిస్తోంది. ఎడమ బొమ్మలు మరీ తప్పిపోయేవాళ్ళకి ఈ పద్ధతి పనికిరాదట. వాళ్ళని నిద్రపుచ్చే చేస్తారు. అప్పుడు డాక్టరు దారికి దూరంగా ఉండాలి కాబట్టి గడ్డలో చాలా భాగం వదిలేయాల్సి వస్తుంది. ఈ రోజు నావి చాలా తప్పాయి. కొన్నయితే అక్కడ బొమ్మ పడిందనే తెలియలేదు. మీ అన్నయ్య గోడ వైపు తిరిగి నిలబడ్డారు.

బొమ్మల పేర్లు అలవాటు కావాలని చిన్న పుస్తకం ఇచ్చారు. జతలు జతలుగా ఉన్నాయి, తెర మీద పడేవీ అవే జతలు. గొడుగుకి తాళంచెవి, కత్తెరకి ఏనుగు, పడవకి నిచ్చెన, చెప్పుకి చందమామ, ఇలాగ. వాటన్నిటినీ మీ అన్నయ్య చేత రాయించి దీనితో పెడుతున్నాను. చూడు, ఎంత విడ్డూరమో.

ఇంకొకటి. తీసిన గడ్డలోంచి ఒక ముక్క పరిశోధనకి ఇస్తానని సంతకం పెట్టాను. అది ఏ మందుకి లొంగుతుందో ఎదురు భవనంలో చూస్తారట. పిచ్చిపిల్లకే ఇస్తారేమో. వాపు తగ్గడానికి ఇచ్చిన మాత్రలతో ఆకలి దంచేస్తోంది. మీ అన్నయ్య బ్రెడ్డు కూడా తినేసి, తినలేదని అబద్ధమాడాను.

పరీక్ష తప్పిన,
వదిన


జూన్ 19

వదినకు,

నువ్వు పరీక్ష తప్పడమేమిటి? మన కొట్టు పరువేం కావాలి?

పరిశోధన మాట మీద నీకూ నాకూ కాస్త గొడవుంది. నీ తల మీద ఆ కళాశాలలో చదువుకునే పిల్లలు పని నేర్చుకుంటారా? నువ్వు నవ్వుతూ సంతకం పెట్టొచ్చావు, నాకు మాత్రం అన్నం సహించలేదు. అన్నయ్యని అడిగితే "అవన్నీ నీకెందుకు" అన్నాడు. ఆయనకి కూడా తెలియదని దానర్థం.

సరే, పరీక్ష సంగతికొద్దాం. జతలన్నీ చూశాను. చిన్నప్పుడు నాకు పద్యాలు ఎక్కకపోతే నేనేం చేసేదాన్నో మరచిపోయావా? పాటలు కట్టేదాన్ని. రెండు రోజులు కొట్లో కూర్చుని నీకోసం కట్టాను. గొడుగు కింద తాళంచెవి దాక్కుంది. కత్తెర చూసి ఏనుగు పారిపోయింది. పడవ మునిగితే నిచ్చెన ఎక్కాలి. చెప్పు తెగితే చందమామ కుట్టాలి. మొత్తం అన్నిటికీ ఉంది, వెనక పేజీలో రాశాను. రాగం నీ ఇష్టం. కుడి బొమ్మ కనపడగానే పాట అందుకో, ఎడమ బొమ్మ అదే నోట్లోకొచ్చేస్తుంది. రోజూ పాడుకో. ఒక్కటి కూడా తప్పకూడదు.

నిన్న చెక్కపెట్టెలో నీ పాత జోళ్ళు నాలుగూ కనిపించాయి. వాటిని పారేయబుద్ధి కాలేదు. తుడిచి మళ్ళీ పెట్టేశాను.

నీ పంతులమ్మ,
మరదలు

మళ్ళీ చెప్తున్నాను, ఎడమ పక్క ఖాళీ అలాగే ఉంది. పోయినసారి ఉత్తరం పక్కన పెట్టి చూశాను.


జూన్ 25

నా బంగారు పంతులమ్మకి,

ఒక్కటి తప్పలేదు! చదువుతున్నావా? ఒక్కటంటే ఒక్కటి! పడవ పడగానే నిచ్చెన, చెప్పు పడగానే చందమామ. కొన్ని నిజంగానే కనిపించాయి, కొన్ని నీ పాట పుణ్యం. కనిపించాయో, పాట చెప్పిందో చివరికి నాకే తెలియకుండా పోయింది. మీ అన్నయ్య ఆనందం పట్టలేక నర్సుతో చేయి కలిపారు.

బొమ్మలమ్మ మాత్రం "బాగుంది" అని ఒక్క మాట అని, చాలాసేపు ఏదో రాసుకుంది. ఇంత బాగా చెప్పినవాళ్ళని చూసి ఉండదులే.

మెలకువ ఆపరేషన్‌కి ఖాయం చేశారు. జూలై రెండున. ఇంకో వారం ఆగుతుందనుకున్నాం, ముందుకి జరిపారు. పరిశోధన గురించి నీకు కోపమొద్దు. పిల్ల డాక్టర్లు నా తలలో చేయి పెట్టరు, చూస్తారంతే. అడిగి తెలుసుకున్నాను. నాకు ఇస్తున్న వైద్యం కూడా ఎప్పుడో ఎవరో ఒకావిడ తన ముక్క ఇస్తేనే కదా తెలిసింది. ఆవిడ మరదలు కూడా నీలాగే అన్నం మానేసి ఉంటుంది.

ఈసారి నీ నోరు మూయించాలని స్కేలు పెట్టుకుని సరిగ్గా అంచునుంచే రాశాను. చూసుకో.

నేనిక ధైర్యంగా ఉన్నాను. కుడివైపు జుట్టు మాత్రం కొంచెం తీసేస్తారట. అదొక్కటే బెంగ.

నూటికి నూరు తెచ్చుకున్న,
వదిన


జూన్ 29

వదినా,

ఈ ఉత్తరం చదివాక నన్ను తిట్టు, కొట్టు, కానీ ముందు చెప్పినట్టు చెయ్యి. ఆ పాట మరచిపో. మరచిపోలేకపోతే, పాట ఉందని బొమ్మలమ్మకి చెప్పెయ్యి. ఇప్పుడే చెప్పు.

ఏం జరిగిందంటే, నిన్న ఒక బస్సు డ్రైవరు లైసెన్సు పరీక్షకి వచ్చాడు. పెద్దాయన, మీసాలు తెల్లబడ్డాయి. గోడ మీద చార్టు పైనుంచి కింద దాకా నీళ్ళు తాగినట్టు చదివేశాడు. కాగితం మీద సంతకం పెట్టబోతూ, నువ్వు చెవి మెలేస్తానన్న మాట గుర్తొచ్చి తలుపు మూశాను. తలుపు వెనక చార్టులో మూడో వరస దగ్గరే ఆగిపోయాడు. "అమ్మా, ముప్పై ఏళ్ళుగా అదే రోడ్డు, నాకు కంఠతా వచ్చు" అన్నాడు. నేను కోపంతో "రోడ్డు కంఠతా వచ్చు సరే, దానికి అడ్డంగా నడిచొచ్చే మనిషి కూడా కంఠతా వచ్చా?" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చింది, వదినా. అని అక్కడే కుర్చీలో కూలబడ్డాను.

నీ తలలో డాక్టరు కరెంటు తగిలిస్తాడు. ఎడమ బొమ్మ మాయమవుతుంది. నువ్వు పడవ చూసి నిచ్చెన అంటావు, పాట ఉంది కదా. మాయం కాలేదనుకుంటాడు ఆయన. అక్కడ కోసేస్తాడు. ఆ కోత నా పాటదే. నువ్వు రోజూ పాడుకో అని రాసిన చేతిని విరగ్గొట్టుకోవాలనిపించింది.

స్కేలు పెట్టి అంచునుంచి రాశానన్నావు కదా. కంటిపాపల దూరం కొలిచే స్కేలుతో నేనూ కొలిచాను. నాలుగు వేళ్ళ ఖాళీ, ఇసుమంత తగ్గలేదు. నూటికి నూరు తెచ్చుకున్న మనిషికి కాగితం అంచు కనిపించదా? నేను మూడు వారాలుగా దాన్ని చూసి వేళాకోళమాడుతున్నాను. ఇంత తెలివి నాది.

అన్నయ్యకి ఫోన్ చేశాను. చెప్పినదంతా విని "అలాగేలే" అన్నాడు. ఆ "అలాగేలే" నాకు తెలుసు, చెప్పడు. "ఆపరేషన్ ముందు దాని మనసు పాడుచేయకు" అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తడం లేదు. రెండో తారీఖు ఆపరేషన్ కాబట్టి టపాని నమ్మలేను. అందుకే ఇది ఆ డ్రైవరుగారి చేతికిస్తున్నాను. ఆయనకి జోడు తయారుచేసి ఇచ్చాను. లైసెన్సు వచ్చేదాకా బండెక్కనని ఒట్టేశాడు, ప్రయాణికుడిగా వస్తున్నాడు. నీ చేతికి తప్ప ఎవరికీ ఇవ్వొద్దని చెప్పాను. అన్నయ్య ఎంత కస్సుమన్నా సరే.

కనిపించనిది కనిపించలేదని చెప్పు, వదినా. తప్పితే తప్పనీ. పరీక్షలో నువ్వు తప్పినా నాకు నువ్వే కావాలి.

నీ,
మరదలు


జూలై 9

మరదలా,

బతికే ఉన్నాను. నా చేత్తో నేనే రాస్తున్నాను. రోజుకి కాస్త కాస్త చొప్పున ఇది మూడు రోజుల ఉత్తరం, అక్షరాలు తాగినట్టు తూలుతుంటే క్షమించు.

నీ డ్రైవరుగారు ఒకటో తారీఖు పొద్దున వచ్చారు. కొత్త జోడు, ఇస్త్రీ చొక్కా. మీ అన్నయ్య "ఇటివ్వండి, నేను ఇస్తాను" అన్నారు. "చేతికే ఇమ్మన్నారండి" అని ఆయన. ఇద్దరూ నా మంచానికి అటొకరు ఇటొకరు నిలబడ్డారు. ఎడమ పక్కనుంచి వచ్చినందుకు నాకు ఆయన ముందు కనిపించనే లేదు, గాల్లోంచి చేయీ కవరూ వచ్చాయి.

చదవగానే నీ మీద ఒళ్ళు మండింది. నిజం చెప్తున్నాను. అంతా ఖాయమైపోయాక, ధైర్యం కూడగట్టుకున్నాక ఇప్పుడా చెప్పేది? కవరు దిండు కింద తోసేసి అటు తిరిగి పడుకున్నాను. డ్రైవరుగారు కదలలేదు. బెంచీ మీద కూర్చుని, జోడు తీసి తుడుచుకుంటూ, "నాకూ అలాగే మండిందమ్మా. సాయంత్రం దాకా మీ మరదలితో మాట్లాడలేదు" అన్నారు. నాకు నవ్వొచ్చేసింది.

బొమ్మలమ్మని పిలిపించి అంతా చెప్పాను. పాట కూడా పాడి వినిపించాను. ఆవిడ నవ్వలేదు. సంచిలోంచి కొత్త కట్ట ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. దాదాపు అన్నీ నేను ఎప్పుడూ చూడని బొమ్మలు, జతలైతే అన్నీ కొత్తవే. "మీ కళ్ళకంటే ముందు మీ నోరు చెప్తోందని పోయిన వారమే అనుమానమొచ్చింది. ఈ రోజు వీటితో చూద్దామనే తెచ్చాను. దొరికిపోయుంటే, మీ మాట నమ్మలేక నిద్రపుచ్చే చేయమని చెప్పేదాన్ని. మీరే చెప్పారు కాబట్టి ఇప్పుడు నమ్ముతాను" అంది. ఆవిడకీ ఒక తలుపు వెనక చార్టు ఉంది, చూశావా! ఇన్నేళ్ళు ఆ పని చేసినదాన్ని, అటువైపు కూర్చునేసరికి బెంచీ మీద బట్టీపట్టే రకమైపోయాను.

ఆ రోజంతా కూర్చోబెట్టింది. ఎడమ పక్క నిజంగా కనిపించేవి దాదాపు సగం. బొమ్మ పెద్దది చేసి, గీతలు లావు చేసి, నేను ప్రతిసారీ చెప్పగలిగినవి మాత్రం ఏరి పక్కన పెట్టింది. "సగమైనా నిజమైతే మాకు చాలు" అంది.

ఆపరేషన్ సంగతి. లేపేసరికి నీలం గుడ్డల గుడారంలో ఉన్నాను. ఎదురుగా తెర, పక్కన బొమ్మలమ్మ, కాళ్ళ దగ్గర పిల్ల డాక్టర్లు. నొప్పి లేదు, చలి మాత్రం చంపేసింది. బొమ్మలు పడుతున్నాయి. చెట్టు, గంట. చేప, కుర్చీ. చెప్తున్నాను. నిదానం డాక్టరు వెనకనుంచి "బాగుంది... కానివ్వండి..." అంటున్నాడు, ఎప్పటిలాగే ఒక్కో మాటా సాగదీసి.

అంతలో కుడి పక్క పడవ పడింది. కొత్త కట్టలోనూ ఒక పడవ ఉంది, దాని జత వేరు. ఎడమ పక్క చూద్దును కదా, ఏమీ లేదు. చీకటి కూడా కాదు మరదలా, అక్కడ చోటే లేనట్టు ఉంది. నా నాలుక చివర నిచ్చెన కూర్చుంది. పాట దానంతటదే నోట్లోకొస్తోంది. ఎంత భయమేసిందో చెప్పలేను. ఏమీ లేదని చెప్తే ఆపేస్తారు, గడ్డ మిగిలిపోతుంది, అన్నీ ఒక్కసారే తోచాయి. నిచ్చెనని మింగేశాను. "పడవ. ఎడమ పక్క ఏమీ లేదు" అన్నాను.

నిదానం డాక్టరు "ఆగండి" అన్నాడు. ఆయన అంత గబుక్కున మాట్లాడగా ఎవరూ వినలేదట. మళ్ళీ అక్కడే తగిలించాడు, మళ్ళీ పోయింది. తీశాడు, వచ్చింది. "దారి ఇదే. ఇటు నేను రాను" అన్నాడు. బొమ్మలమ్మ నా చేయి పట్టుకుంది. అప్పటిదాకా ఆవిడ చేయి అంత వెచ్చగా ఉంటుందని తెలియదు.

గడ్డ చాలా మటుకు తీసేశారు. దారిని అంటుకున్న పలచని పొర ఒకటి మిగిల్చారు. దానికి కిరణాల వైద్యం చేస్తారట. అది ఏ జాతి గడ్డో తేలాక మిగతాది చెప్తామన్నారు.

ఇప్పుడు అసలు కబురు. నిన్న కుర్చీలో కూర్చుని కిటికీలోంచి చూస్తున్నాను. పిచ్చిపిల్ల యథాప్రకారం తల ఎత్తి మాట్లాడింది, నవ్వింది. ఆమె పక్కన, నాకు ఎడమ వైపుగా, అదే బల్ల దగ్గర, బట్టతల పెద్దాయన ఒకాయన! చేతులు తిప్పుతూ ఏదో కథ చెప్తున్నాడు. ఆవిడ నవ్వుతోంది. మీ అన్నయ్యని పిలిచి "ఈయనెప్పుడొచ్చాడు?" అన్నాను. "మనం వచ్చిన రోజునుంచీ అక్కడే ఉన్నాడుగా" అన్నారు. అని, నేనెందుకడిగానో అర్థమై, గోడ వైపు తిరిగారు. ఈసారి నేను ఊరుకోలేదు, ఇటు తిప్పి చూశాను. ఏడుస్తున్నారు.

తప్పయినా తప్పని చెప్పిన నీ,
వదిన


జూలై 14

వదినా,

ఉత్తరం రాగానే చదవలేదు. ముందు స్కేలు తీశాను. మొదటి పేజీ రెండు వేళ్ళు. రెండో పేజీ కూడా రెండు వేళ్ళు. మూడో పేజీ చివర, బట్టతల ఆయన దగ్గరికి వచ్చేసరికి ఒక్క వేలు. షట్టర్ సగం దించేసి, లోపల కూర్చుని హాయిగా ఏడ్చాను. ఎవరో బయటనుంచి "కొట్టు ఉందా?" అని అడిగారు. "ఉంది, ఉంది, ఉంటుంది" అన్నాను.

ఆ అమ్మాయికి పిచ్చి లేదని తెలిశాక మనసు కుదుటపడింది. ముక్క ఆవిడకే ఇవ్వమను, నాకేం అభ్యంతరం లేదు. అన్నయ్యకి చెప్పు, "అలాగేలే" అన్నందుకు ఆయనతో నాకు ఇంకా మాటల్లేవు. ఏడ్చాడని రాశావు కాబట్టి సగం మాఫీ.

డ్రైవరుగారు జోడుతో మళ్ళీ పరీక్షకొచ్చారు. గోడ మీద చార్టు వైపు చూడనే లేదు. తిన్నగా వెళ్ళి తలుపు ఆయనే మూశారు.

ఎప్పుడొస్తున్నావు? కుర్చీ మీంచి అద్దాల పెట్టె తీసేశాను.

మరదలు


జూలై 21

మరదలికి,

గడ్డ జాతి తేలింది. నిదానం డాక్టరు కుర్చీ లాక్కుని కూర్చుని, ఎప్పటికంటే నిదానంగా చెప్పాడు. మెల్లగా పెరిగే రకమట. కిరణాలకీ మందులకీ లొంగే రకమట. "పూర్తిగా పోయిందని అనను. ఏళ్ళ తరబడి ఫొటోలు తీసి చూస్తూ ఉంటాం. ఏళ్ళు అంటున్నాను, విన్నారా?" అన్నాడు. విన్నాను. మీ అన్నయ్య రెండుసార్లు చెప్పించుకున్నారు.

పిచ్చిపిల్లా బట్టతల ఆయనా నన్ను చూడడానికి వచ్చారు. ఇన్నాళ్ళూ కిటికీలోంచి ఒకావిడ తమని చూసి జాలిపడుతోందని వాళ్ళకి బొమ్మలమ్మ చెప్పేసింది. నా ముక్క వాళ్ళ గాజు పళ్ళెంలో ఇంకా బతికే ఉందట. దాని మీద ఒక్కో మందూ వేసి చూస్తున్నారు. "ఎలా ఉంది?" అని అడిగాను. "మీలాగే, మొండిది" అన్నాడాయన. నాకు పనికొచ్చినా రాకపోయినా, రేపు ఇంకెవరి వదినకో పనికొస్తుంది.

కిరణాల వైద్యం వచ్చే నెల మొదలు. మధ్యలో ఇంటికి పంపిస్తున్నారు. శనివారం మధ్యాహ్నం దిగుతాం, మీ అన్నయ్యతో మాటలు కలుపుకో, సామాను మోయాలి.

ఎడమ పైమూల పోయింది పోయినట్టే, అది ఇక రాదన్నారు. గడ్డ ఒత్తిడి తగ్గాక కిందిమూల ఎంత తిరిగి వచ్చిందో ఇక్కడ రోజూ కొలుస్తూనే ఉన్నారు. కానీ నా కొట్లో, నా కుర్చీలో, నీ ఎదురుగా కూర్చుంటే తప్ప నాకు నమ్మకం కుదరదు. అందుకని ఒక పని చెయ్యి. గోడ మీద చార్టు ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను, కళ్ళు మూసుకుని చదివేస్తాను. తలుపు వెనకదీ అంతే, దాన్ని అక్కడ తగిలించిందే నేను. నేనెన్నడూ చూడని కొత్త చార్టు ఒకటి తెప్పించి దాచిపెట్టు. ఎక్కడ దాచావో మీ అన్నయ్యకి కూడా చెప్పకు.

నన్ను కూర్చోబెట్టి, తలుపు మూసి చూపించు. నాకు కనిపించినంత వరకే చదువుతాను.

వదిన